డొక్కలు ఎగరేస్తుంటే రిపోర్టు కోసం ఆగొద్దు

వానలు మొదలైతే చాలు, నాకొచ్చే ఉత్తరాల కట్ట కూడా దగ్గుతున్నట్టే ఉంటుంది. నిమ్ము, ఆయాసం, పిల్లికూతలు, నోరు తిరగని వైరస్ పేర్లు, ఈసారి అన్నీ ఇవే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేశాను. పక్క తడిపే పిల్లల అమ్మానాన్నలూ, అన్నం చూస్తే పారిపోయే పిల్లల అమ్మానాన్నలూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఏడో నెల. మొదట మామూలు జలుబే. మూడో రోజుకి ఛాతీలో గురగుర, పాలు తాగలేకపోవడం, ఆ రాత్రి రెండింటికి డొక్కలు ఎగరేయడం మొదలైంది. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచారు. ఆర్‌ఎస్‌వి అనే వైరస్ వల్ల వచ్చిన బ్రాంకియోలైటిస్, అంటే ఊపిరితిత్తుల చివరి సన్న గొట్టాల వాపు అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చీమిడి తీశారు, ట్యూబుతో పాలు పట్టారు, అంతే. ఒక్క యాంటీబయాటిక్ కూడా ఇవ్వలేదు. "ఇంత బిల్లు వేసి మందే వెయ్యలేదు, ఇదేం వైద్యం" అని మా మామయ్యగారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఇంటికొచ్చి పది రోజులైనా దగ్గు పోలేదు. మళ్ళీ నిమ్ము చేరుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. - ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ మామయ్యగారికి రెండు మాటలు. పెద్దాయనా, మీ మనవరాలికి జరిగింది సరైన వైద్యమే. యాంటీబయాటిక్ బాక్టీరియాని చంపుతుంది, వైరస్‌ని ఏమీ చెయ్యలేదు. అనవసరంగా వేస్తే పాపకి విరేచనాలు పట్టుకోవడం తప్ప లాభం ఉండదు, పైగా రేపెప్పుడైనా నిజంగా బాక్టీరియా వల్ల నిమ్ము వస్తే అప్పటికి ఆ మందు పనిచేయకుండా పోవచ్చు. మందు రాయకుండా ఊరుకోవడానికి డాక్టరుకి ఎంత గుండె ధైర్యం కావాలో నాకు తెలుసు, రాయకపోతే పక్క క్లినిక్కుకి వెళ్తారు, అక్కడ మూడు సీసాలు రాస్తారు. కాబట్టి ఆ డాక్టరు మీద కోపం వదిలెయ్యండి.

ఇక ఆర్‌ఎస్‌వి సంగతి. 1956లో దీన్ని మొదట కనిపెట్టింది అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో. ఆ మరుసటి ఏడాదే పసిపిల్లల్లోనూ దొరికింది. రెండేళ్ళు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా వస్తుంది, చాలామందికి ముక్కు కారి పోతుంది, కొద్దిమందికే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ కొద్దిమంది కూడా తక్కువేం కాదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళలోపు పిల్లల్లో దీనివల్ల ఊపిరితిత్తుల దాకా వెళ్ళిన జబ్బులు సుమారు 3 కోట్ల 30 లక్షలనీ, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినవి 36 లక్షలనీ, చనిపోయినవాళ్ళు లక్ష దాకా ఉంటారనీ అంచనా. ఆ మరణాల్లో నూటికి 97కి పైగా మనలాంటి దేశాల్లోనే, ఆక్సిజన్ దాకా టైముకి చేరలేనిచోట.

పెద్దవాళ్ళకి జలుబుతో పోయేది పాలు తాగే పిల్లని ఎందుకింత ఇబ్బంది పెడుతుందంటే, కొబ్బరిబోండంలో స్ట్రా వేసుకుని తాగుతున్నప్పుడు లేత కొబ్బరి ముక్క అడ్డం పడితే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పాప ఊపిరితిత్తుల చివరి గొట్టాలు ముందే సన్నం. వైరస్ వల్ల లోపలి పొర వాస్తుంది, తెమడ చేరుతుంది. గొట్టం దారి సగానికి సన్నబడితే గాలికి అడ్డు రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు అవుతుంది. అందుకే నిన్న సాయంత్రం ఆడుకున్న పిల్ల తెల్లారేసరికి ఎగశ్వాసతో కనిపిస్తుంది. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా గట్టిగా ఉంటుంది, తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఈ జబ్బుకి మందంటే ఆ రోజులు దాటించడమే. ఆక్సిజన్, ముక్కు శుభ్రం, పాలు లోపలికి వెళ్ళేలా చూడటం, ఈ మూడూ మీ పాపకి చేశారు. మొదటిసారి వచ్చిన బ్రాంకియోలైటిస్‌కి నెబులైజర్ మందులూ స్టెరాయిడ్లూ పెద్దగా ఉపయోగపడవని చాలా పరిశోధనల్లో తేలింది, అయినా మన ఊళ్ళో జలుబంటే చాలు నెబులైజర్ పెట్టించుకొచ్చే అలవాటైపోయింది, కొందరు ఇంటికే కొనుక్కుంటున్నారు, టీవీ పక్కనే పెట్టుకుంటున్నారు.

దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉంటుంది, వాచిన పొర మళ్ళీ మామూలుగా అవడానికి ఆ మాత్రం టైము కావాలి. పాలు తాగుతోందా, నవ్వుతోందా, ఉచ్చ మామూలుగా పోస్తోందా చూడండి. అవి బాగుంటే దగ్గుని దగ్గనివ్వండి. నిద్ర పట్టకపోతే ఫోన్లో జబ్బుల గురించి చదవడం మానేసి ఊపిరి లెక్కపెట్టండి. పాప నిద్రలోనో, ఏడవకుండా ఒళ్ళో పడుకున్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట లేచి పడటాన్ని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలల్లోపు పిల్లలకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు 40, ఇవీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు. ఆ అంకె కానీ అంతకు మించి కానీ వస్తే అదే రోజు డాక్టరుకి చూపించాలి.

డొక్కలు లోపలికి లాగుతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, మామూలుగా తాగే పాలల్లో సగం కూడా తాగలేకపోతున్నా, లేపినా మత్తుగా ఉన్నా, మధ్యలో ఊపిరి ఆగినట్టనిపించినా ఇక లెక్కపెట్టే పని లేదు, ఎవర్నీ అడిగే పని లేదు, 108కి ఫోన్ చెయ్యండి లేదా ఆటో ఎక్కెయ్యండి. రెండు మూడు నెలల్లోపు పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళ విషయంలో ఇంకా ముందే బయల్దేరాలి. చిన్నారుల్లో కొందరికి దగ్గూ ఆయాసమూ ఏమీ లేకుండా ఊపిరి ఆగడమే మొదటి లక్షణం కావచ్చు. పెద్దల వేలికి పెట్టే ఆక్సీమీటర్ పసిపిల్లల వేలికి సరిగా పట్టదు, దాని అంకె చూసి ధైర్యంగా కూర్చోకండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్ళు. ఐదు రోజులు 103 జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కులో స్వాబ్ తీసి ఏదో పెద్ద ప్యానెల్ టెస్టు చేయించారు, వేలల్లో అయింది. రిపోర్టులో రైనో, బోకా, అడినో మూడూ పాజిటివ్. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన హెచ్‌ఎంపీవీ అనే వైరస్ టెస్టు కూడా చేయించాల్సింది అంటున్నారు. ఒకేసారి మూడు వైరస్‌లంటే రోగనిరోధక శక్తి లేనట్టా? బాబు ఇప్పుడు ఆడుకుంటున్నాడు. మళ్ళీ టెస్టు చేయించి నెగెటివ్ వచ్చాకే స్కూలుకు పంపాలా? - ఒక నాన్న, గచ్చిబౌలి

జవాబు: "ఆడుకుంటున్నాడు" అన్న మాట మీరు ఆఖర్లో రాశారు, నేను ముందు దాన్నే చూశాను. మళ్ళీ టెస్టు వద్దు. జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, ఓపికగా తింటూ తిరుగుతుంటే స్కూలుకు పంపొచ్చు.

పీసీఆర్ టెస్టు వైరస్ తాలూకు జన్యు పదార్థం ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. అది ఈ వారం వచ్చిన వైరసా, పోయిన నెల వచ్చి తోక వదిలి వెళ్ళిందా అన్నది చెప్పదు. రైనో వారాల పాటు, బోకా, అడినో నెలల పాటు కూడా కనిపిస్తూనే ఉండొచ్చు. మీ బాబు వయసు పిల్లల్ని ఏ జబ్బూ లేకుండా ఆడుకుంటున్నప్పుడు పట్టుకుని స్వాబ్ తీసినా చాలామందిలో ఏదో ఒకటి దొరుకుతుంది. మూడు పేర్లు వచ్చాయంటే రోగనిరోధక శక్తి లేదని కాదు, ప్లేస్కూలుకి వెళ్తున్నాడని. ఆ మూడింటిలో ఐదు రోజుల గట్టి జ్వరానికీ ఎర్ర కళ్ళకీ నా లెక్కలో అడినో మీదే అనుమానం. దీన్ని చూసి డాక్టర్లు కూడా మోసపోతుంటారు, రక్తపరీక్షలో ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ అనే అంకె బాక్టీరియా జబ్బులో పెరిగినట్టే పెరుగుతుంది. దీనిలో 3, 7 రకాలు కొంచెం మొండివి, అరుదుగా ఊపిరితిత్తుల సన్న గొట్టాల్లో మచ్చలు మిగిల్చి వెళ్తాయి. నెలైనా ఆయాసం, గురగుర తగ్గకపోతే మాత్రం తీసుకెళ్ళి చూపించండి. 2023 మొదట్లో పశ్చిమ బెంగాల్‌లో పిల్లల వార్డులు నిండిపోవడానికి కారణం ఈ అడినోయే.

హెచ్‌ఎంపీవీ గురించి: 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో కనిపించిందని టీవీల్లో ఎర్ర అక్షరాలు పరుగులు తీశాయి కదా, ఆ రోజు మధ్యాహ్నానికల్లా మాస్కులు ఎక్కడ దొరుకుతాయని నాకే నలుగురు ఫోన్ చేశారు. కొత్తదేం కాదండీ అది. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు, 1958 నాటి దాచిపెట్టిన రక్త నమూనాల్లో కూడా దాని ఆనవాళ్ళు కనిపించాయి. అంటే మీ నాన్నగారి చిన్నప్పటి జలుబుల్లోనూ అది ఉండే ఉంటుంది. ఆర్‌ఎస్‌వికి చుట్టం, పద్ధతులూ దానివే. ఐదేళ్ళు నిండేసరికి దాదాపు అందరికీ వచ్చి పోయే ఉంటుంది.

మరి టెస్టు ఎప్పుడు పనికొస్తుంది? ఫ్లూ అనుమానం ఉన్నప్పుడు, ఎందుకంటే ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఫ్లూ తగ్గి రెండు రోజులు బాగుండి మళ్ళీ జ్వరం ఎగబాకితే మాత్రం బాక్టీరియా వచ్చి చేరిందేమో చూడాలి, అప్పుడు యాంటీబయాటిక్ నేనే రాస్తాను. ఆస్పత్రిలో చేరిన పిల్లల్ని ఎవరి పక్కన ఎవర్ని పడుకోబెట్టాలో తేల్చడానికీ, కేన్సర్ లాంటి జబ్బులకి మందులు వాడుతున్న పిల్లలకీ టెస్టు కావాలి. మిగతావాళ్ళకి పేరు తెలిసినా చేసేది అదే. కుక్క మొరిగినట్టు దగ్గుతూ, ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తే అది ఎక్కువగా పారాఇన్‌ఫ్లూయెంజా అనే వైరస్ పని, దానికి స్వాబ్ అక్కర్లేదు, చెవి చాలు, ఒక్క డోసు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌తో చాలామందికి తెరిపి వస్తుంది.

ఇదంతా చూసి పిల్లల నిమ్ము అంటే బాక్టీరియాదే అన్న పాత లెక్క ఇంకా ఉందా అని మీరు అడగొచ్చు. ఆసియా, ఆఫ్రికాల్లో ఏడు దేశాల్లో, నిమ్ముతో ఆస్పత్రిలో చేరిన ఐదేళ్ళలోపు పిల్లల్నీ అదే ఊళ్ళలో నిమ్ము లేని పిల్లల్నీ పోల్చి చూసిన పెద్ద పరిశోధన ఒకటి 2019లో అచ్చయింది. ఎక్స్‌రేలో నిమ్ము కనిపించినవాళ్ళలో కారణం నూటికి 61 పాళ్ళు వైరస్‌లు, 27 పాళ్ళు బాక్టీరియా అని తేలింది. ఒక్క ఆర్‌ఎస్‌వి వాటానే 31. బాక్టీరియా వాటా తగ్గడానికి కారణం టీకాలే, అది తర్వాతి ఉత్తరంలో చెప్తాను.

ప్రశ్న: నాకిప్పుడు ఎనిమిదో నెల. పెద్దవాడు యూకేజీ, రోజూ ఏదో ఒకటి మోసుకొస్తాడు. పుట్టబోయే బిడ్డకి ఈ ఆర్‌ఎస్‌వి రాకుండా టీకా ఏమీ లేదా? - ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: దీని వెనక ఒక పెద్ద కథే ఉంది. 1960లలో అమెరికాలో ఆర్‌ఎస్‌విని ఫార్మలిన్‌తో చంపి టీకా తయారుచేసి పిల్లలకి వేశారు. వేసుకున్న పసిపిల్లలకి తర్వాత అసలు వైరస్ తగిలినప్పుడు జబ్బు తగ్గకపోగా ముదిరింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బకి దశాబ్దాల పాటు ఎవరూ ధైర్యం చెయ్యలేదు. వైరస్ మన కణంలోకి దూరబోయే ముందు దాని పైనున్న ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తెలిశాక దారి తెరుచుకుంది. 2023లో అమెరికాలో రెండిటికి అనుమతి వచ్చింది: ఒకటి గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య వేసే టీకా, తల్లి నుంచి బిడ్డకి రక్షణ వెళ్తుంది. రెండోది నిర్సెవిమాబ్, బిడ్డకే నేరుగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్. మన ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇవి లేవు. మీకు ఎనిమిదో నెల కాబట్టి ఈ మాట మీ గైనకాలజిస్టుతో ఈ వారమే మాట్లాడండి.

ఉన్నవాటిని మాత్రం వదులుకోకండి. ఫ్లూ టీకా మీరు ఇప్పుడే వేయించుకోవచ్చు, బిడ్డకి ఆరు నెలలు నిండాక మొదటిసారి నెల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏడాదికొకటి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో విజృంభిస్తుంది కాబట్టి వానలకు ముందే వేయిస్తే మేలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పైసా తీసుకోకుండా వేసే పెంటావాలెంట్ టీకాలో హిబ్ అనే బాక్టీరియాకి మందు ఉంది, న్యుమోకాకస్ అనే బాక్టీరియాకి వేసే పీసీవీ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఇస్తారు. ఇవి బాక్టీరియా నిమ్ముకి. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లాలకి వేసే ఎంఆర్ టీకాని "ఒంటి మీద దద్దుర్లే కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. తట్టు కూడా వైరసే, తట్టు వచ్చి చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది నిమ్ముతోనే పోతారు.

పెద్దవాడు స్కూలు నుంచి రాగానే చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, చొక్కా మార్పించి, అప్పుడు తమ్ముడినో చెల్లినో ముట్టుకోనివ్వండి. ముద్దు పెట్టాలంటే కాళ్ళకి పెట్టమనండి. ఆర్‌ఎస్‌వి తుంపర్లలోనే కాదు, బల్లల మీదా బొమ్మల మీదా కొన్ని గంటలు బతికి ఉంటుంది. ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌కి వందమందిని పిలవడం తప్పనిసరైతే, దగ్గుతున్నవాళ్ళకి బిడ్డని ఎత్తుకోనివ్వకండి. మొహమాటపడాల్సిన చోటు ఇది కాదు.

ప్రశ్న: డాక్టరమ్మా, ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. మనవడికి మూడు నెలలు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేస్తానంటే, ముక్కులో రెండు చుక్కలు నూనె వేస్తానంటే మా కోడలు వద్దంటుంది. జలుబు చేసినా అరటిపండు మానదు, పెరుగు మానదు, ఆ పాలు తాగి వాడికీ జలుబు. ఎవరిది తప్పు? - ఒక నానమ్మ, అంబర్‌పేట

జవాబు: రెండు మీ కోడలు గెలిచింది, మూడోదీ తనే గెలిచింది, ఏమీ అనుకోకండి. సాంబ్రాణి వాసన నాకూ ఇష్టమే, మా అమ్మ మమ్మల్నందర్నీ ఆ పొగలోనే పెంచింది. కానీ పొగ ఏదైనా, సాంబ్రాణి అయినా, మస్కిటో కాయిల్ అయినా, తాతగారి బీడీ అయినా పసివాడి గాలి గొట్టాలకి పొగే. పొగ ఉన్న ఇళ్ళలో పిల్లలకి నిమ్ము ఎక్కువ వస్తుంది. నూనె చుక్కలు ఇంకా ప్రమాదం, అవి జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మరో రకం నిమ్ము వస్తుంది, తగ్గడానికి చాలా రోజులు పడుతుంది. ముక్కు బిగిస్తే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు వెయ్యండి, పాలకి ముందు, పడుకోబెట్టే ముందు. కర్పూరం మూటలూ, ఆవిరి పట్టడాలూ వద్దు, మరుగుతున్న గిన్నె ఒలికి కాలిన పిల్లల్ని చూశాను.

అరటిపండు వల్లా పెరుగు వల్లా జలుబు రాదు, జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఎవరి తుమ్ము నుంచో వస్తుంది. తల్లి తింటేనే పాలు. తల్లికి జలుబు చేసినా పాలు మాన్పించకూడదు, మాస్కు కట్టుకుని ఇవ్వమనండి. దగ్గు సిరప్ కూడా వద్దు, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో విషపు రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన సంగతి పేపర్లో చదివే ఉంటారు. కల్తీ లేని మందైనా రెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. తేనె నాకించడం ఏడాది నిండాకే. మీకు ఒక్క మార్కు మాత్రం ఇస్తాను, గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించి వెంటనే మెత్తగా తుడిచి చుట్టేస్తారు చూడండి, అది ఈ కాలం పిల్లలకి రాదు.

ప్రశ్న: మావాడికి నాలుగేళ్ళు. జలుబు చేసిన ప్రతిసారీ పిల్లికూతలు. ఈ ఏడాది ఇది ఐదోసారి. ఇన్‌హేలర్ రాశారు, అలవాటైపోతుందని మా ఇంట్లో భయం. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం వేయిద్దామంటున్నారు. వేయించవచ్చా? - ఒక నాన్న, ఉప్పల్

జవాబు: ఈ వయసులో జలుబుతో పాటు పిల్లికూతలు తెచ్చేది ఎక్కువగా రైనోవైరస్, మామూలు జలుబు వైరసే. ఆ రకం పిల్లల్లో చాలామందికి ఆరేళ్ళు వచ్చేసరికి తగ్గిపోతుంది, కొందరికి ఉబ్బసంగా నిలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నా, వాడికి చర్మం మీద దురద మచ్చలున్నా, జలుబు లేనప్పుడు కూడా పరిగెత్తితే దగ్గు వస్తున్నా ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, మందు ఎన్నాళ్ళో దాన్నిబట్టే ఉంటుంది. ఇన్‌హేలర్ అలవాటయ్యే వస్తువు కాదు, సిరప్‌తో పోలిస్తే మందు మోతాదు చాలా తక్కువ, నేరుగా వెళ్ళాల్సిన చోటికి వెళ్తుంది.

చేప ప్రసాదం మీద నమ్మకం మీ ఇంటి విషయం, దానితో ఉబ్బసం తగ్గుతుందనడానికి మాత్రం రుజువు లేదు. నా అభ్యంతరం వేరే. నాలుగేళ్ళవాడి నోట్లో బతికున్న కొరమీను పిల్లని వేస్తే, వాడు ఏడుస్తూ ఉంటే, అది గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. అంతమంది దగ్గుతున్న లైన్లో గంటల తరబడి నిలబెడితే ఆరో జలుబు అక్కడే అంటుకుంటుంది. వెళ్ళినా మానినా రాసిన మందు ఆపకండి.

ఇన్‌హేలర్‌ని స్పేసర్ (దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా నోట్లో కొట్టకండి, మందంతా నాలుక మీదే పడుతుంది. మాస్కున్న స్పేసర్ ముక్కుకీ నోటికీ సందు లేకుండా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి, ఐదారు ఊపిర్లు తీసుకోనివ్వాలి, రెండో పఫ్ ఆ తర్వాతే. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్ళలో ముంచి తియ్యండి, గుడ్డతో తుడవకుండా గాలికే ఆరనివ్వండి.